తవిటమ్మ నోటికి మొగలిపూల వైద్యం

సముద్రపు గాలి తగిలే చోట జీడితోటలున్నాయి. వాటి వెనక రాళ్ళకొండ. ఎండ ఉన్నంతసేపూ తోటలు మనుషులవి, పొద్దు వాలితే ఎలుగులవి. ఈ ఒప్పందం ఎవరూ ఎవరితోనూ చేసుకోలేదు గానీ రెండు వైపులా మర్యాదగానే నడుస్తోంది. మధ్యలో ఏ కుక్కో పెద్దరికానికి వస్తే తప్ప గొడవల్లేవు.

ఆ కొండ మీది ఎలుగులకి ఒక పద్ధతి ఉంది. గుహలోంచి బయటికొచ్చిన పిల్ల వానాకాలం వెళ్ళేదాకా తల్లి వీపు మీదే ఉంటుంది. తల్లి మెడ వెనక గుబురు వెంట్రుకలు పట్టుకుని, వాటిలో మొహం దూర్చి, కొండ ఎక్కీ దిగీ లోకం చూస్తుంది. తర్వాత ఒళ్ళు పెరిగి దిగిపోతుంది. అలా దిగిపోయిన ఎలుగు మళ్ళీ తల్లి వీపెక్కడం ఆ కొండ మీద ఎవరూ చూడలేదు.

తవిటమ్మకి ఒక్కడే కొడుకు, గున్నడు. గుహ బయట ఒక బల్లపరుపు రాయి ఉంది. రోజూ పొద్దు వాలేసరికి తవిటమ్మ ఆ రాయి పక్కన నడుం వంచేది, గున్నడు రాయెక్కి అక్కణ్ణించి వీపు మీదికి గెంతేవాడు. వాడి గోళ్ళు మెడ వెనక గుచ్చుకునేవి. ఆ గుచ్చుకోవడం కోసమే తవిటమ్మకి ఎప్పుడు పొద్దు వాలుతుందా అని ఉండేది.

జీడిపళ్ళు అయిపోయి పనసపళ్ళు మొదలయ్యాయి. ఒకరోజు గున్నడు వీపు మీద తిరగేసి కూర్చున్నాడు. మొహం తోక వైపు, వెనక కాళ్ళు తల్లి మెడ వైపు.

"ఇదేటి కూకోడంరా?" అంది తవిటమ్మ.

"వచ్చిన దారి సూస్తన్నానమ్మా."

"నా కొడుకు తెలివైనోడు. దారి తప్పిపోడు," అని కనపడ్డ ప్రతి జంతువుకీ చెప్పుకుంది. విన్న కుందేలు అవునవునని తల ఊపుతూనే గాలి వాలు చూసుకుని పక్కకి జరిగింది. తవిటమ్మ అది గమనించలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి గున్నడు రాయి దగ్గరికి రానే లేదు. తవిటమ్మ చెల్లెలు పోలమ్మకి పిల్లల్లేరు. వాడు ఆమె వీపెక్కి కూర్చున్నాడు.

"ఏరా గున్నా, రావా?"

"నాను పిన్ని మీద వస్తానమ్మా."

"ఎందుకురా?"

"పిన్ని వీపు మెత్తగుంటాది."

"నా వీపు మెత్తంది కాదేటిరా?"

"నీదీ మెత్తందేనమ్మా," అన్నాడు గున్నడు నేల చూస్తూ. వాడు మంచి పిల్లవాడు. తల్లి మనసు కష్టపెట్టకుండా ఎలా చెప్పాలో తెలియక అంతటితో ఆపేశాడు. పోలమ్మకి సంగతి తెలుసు. ఆమె కూడా అప్ప మొహం మీద అనలేక ముందుకి నడిచింది.

సంగతేమిటంటే, తవిటమ్మ నోరు కంపు. మామూలు కంపు కాదు. ఆవిడ మాట్లాడితే చాలు, చెట్టు మీద ఉడత పై కొమ్మకి మారేది. కొండంతటికీ తెలుసు. ఎవరూ చెప్పరు. పెద్ద ఒళ్ళు, పెద్ద గోళ్ళు ఉన్నదానితో నోరు కంపని ఎవరంటారు? అనలేని వాళ్ళంతా దూరం జరిగారు, దాన్నే మర్యాద అనుకున్నారు.

తవిటమ్మ ప్రతి సాయంత్రం ఆ రాయి పక్కకి వెళ్ళి నడుం వంచేది. ఎవరూ ఎక్కేవారు కారు. కాసేపు అలాగే ఉండి, ఎవరైనా చూస్తే బాగుండదని రాయికి ఒళ్ళు రుద్దుకుంటున్నట్టు నటించి లేచేది. దారంతా ముందు నడిచే పోలమ్మ వీపు మీద ఆ నల్లని చిన్న ముద్దనే చూస్తూ నడిచేది. వాడికి నేనేం తక్కువ చేశాను అని లోలోపలే కుమిలిపోయేది.

అలాంటప్పుడు వచ్చాడు నక్క. పేరు సింహాద్రి. నక్కకి ఆ పేరు పెట్టిన తల్లికి ఎన్ని ఆశలుండేవో గానీ, సింహాద్రికి మాత్రం ఒకటే ఆశ, తేనె. చెట్టెక్కలేడు, ఈగల్ని తట్టుకోలేడు, తేనెపట్టు కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా పైకి చూడటం ఒక్కటే చేయగలడు.

"అప్పా, ఒక మాట సెప్తే కోపం తెచ్చుకోవు కదా?"

"సెప్పు."

"నీ నోరు కంపు కొడతంది. గున్నడు అందుకే దిగిపోనాడు."

తవిటమ్మ చెయ్యి ఎత్తింది. సింహాద్రి నాలుగు అంగలు వెనక్కి వేశాడు.

"నా ముక్కు సంగతి నీకు తెలీదేటి? రెండు మూరల మట్టి కింద సెదలున్నా పసిగడతాను. నా నోరు నాకు తెలీదా?"

"లోకం వాసనంతా తెలుస్తాది అప్పా. సొంత నోరు మాత్రం సొంత ముక్కుకి తెలీదు. ఇది నీ ఒక్కద్దానికే కాదు, అందరికీ అంతే."

ఆ మాట నిజం. నక్కలు ఎప్పుడూ అబద్ధాలే చెబుతాయని అనుకోకండి. మొదటి మాట నిజం చెబితేనే కదా తర్వాతివి నమ్ముతారు.

తవిటమ్మ చెయ్యి దించింది. వెనకటి సంగతులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. తిరగేసి కూర్చోవడం, కుందేలు జరగడం, ఉడత కొమ్మ మారడం. "దీనికి మందుందేటి సింహాద్రీ?" అంది. ఆ అడగడంలో ఎంత ఆశ ఉందో వింటే ఇంకెవరైనా అయితే మోసం చేయలేకపోయేవారు.

"ఎందుకుండదు! ఇసక మేటల కాడ మొగలిపొదలున్నాయి. రోజూ పువ్వు తెస్తాను. రేకు నమిలి బుగ్గన పెట్టుకో. ఎంత తగ్గిందో వాసన సూసి నానే సెప్తుంటాను. నీకెలాగూ తెలీదు కదా."

"నీకేటి ఇయ్యాలి?"

"అప్ప దగ్గిర పుచ్చుకుంటానా! ఆ మద్దిచెట్టు మీద తేనెపట్టుందే, నీ సేత్తో ఏదో ఒక ముక్క..."

అలా మొదలైంది వైద్యం. సింహాద్రి మొగలిపువ్వు తెచ్చేవాడు. తవిటమ్మ చెట్టెక్కి, ఈగల చేత కుట్టించుకుని, పట్టు దించేది. అతను ఆమె నోటి దగ్గర కళ్ళు మూసుకుని, ముక్కు ఎగబీల్చి, పెద్ద వైద్యుడిలా తల పంకించి, "నిన్నటికన్నా మెరుగు అప్పా," అనేవాడు. ఆ ఒక్క మాటకి తవిటమ్మ ఒళ్ళంతా ఈగల పోట్లు మర్చిపోయేది.

ఒక సాయంత్రం ధైర్యం చేసి కొడుకు దగ్గరికి వెళ్ళింది. గున్నడు తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు.

"అమ్మా, ఏటి తిన్నావు? సచ్చినదాని మీద పూలు పోసినట్టుంది," అనేసి, చటుక్కున రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

తవిటమ్మ గుహలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు సింహాద్రికి చెబితే అతను చంకలు కొట్టుకున్నంత పని చేశాడు.

"మందు పనిసేస్తంది! లోపల కుళ్ళు బయటికి తన్నుకొస్తంది. మోతాదు పెంచాల. పడుకునే ముందు బుగ్గన కొంచెం తేనె కూడా పెట్టుకో, సిగుళ్ళకి బలం. నాను రోజూ అదే సేస్తన్నాను, సూడు ఎంత నిగనిగలాడతన్నానో. ఈ మధ్య పందికొక్కులే సరిగ్గా దొరకటం లేదు గానీ..."

తవిటమ్మ మోతాదు పెంచింది. సాయంత్రాలు రాయి పక్కన వంగడం మాత్రం మానలేదు.

ఉప్పుటేరు గట్టు కింద బొరియలో ఎర్నమ్మ అనే ముసలి ముళ్ళపంది ఉండేది. ఒళ్ళంతా ముళ్ళున్నవాళ్ళకి మొహమాటంతో పని లేదు. ఒకరోజు గట్టు మీద చెదపుట్ట తవ్వుకుంటున్న తవిటమ్మని చూసి బయటికొచ్చింది.

"ఒలే తవిటీ, ఆ మొగలిరేకు ఎందుకు నములుతున్నావు?"

"నా నోటి కంపుకి మందు, మామ్మా."

"తగ్గిందని ఎవరు సెప్పినారు?"

"సింహాద్రి."

"నువ్వు సెట్టెక్కి దించుతున్న తేనె ఎవరు తింతన్నారు?"

"సింహాద్రి."

ఎర్నమ్మ ముళ్ళు గలగలమనేలా ఒళ్ళు విదిల్చింది. "నీ మణికట్టు నాలికతో నాకు. కాసేపు ఆరనీ. ఇప్పుడు వాసన సూడు."

తవిటమ్మ ముందుకాలు నాకింది. ఆరేదాకా ఆగి ముక్కు దగ్గర పెట్టుకుంది. అలాగే చతికిలబడిపోయింది. మూరల లోతున చెదల్ని పసిగట్టే ముక్కు అది, దాని ముందు ఇంకేం దాగుతుంది?

"మామ్మా, ఇన్నాళ్ళూ నా గుంటడు దీన్ని భరించినాడా?" అంది. ఇన్నాళ్ళూ వాడు దిగిపోయాడని ఏడ్చింది, ఇప్పుడు అన్నాళ్ళు ఎలా కూర్చున్నాడా అని ఏడ్చింది.

"ఏడిసింది సాలు, నోరు తెరు."

తెరిచింది. చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పళ్ళ మొదళ్ళ చుట్టూ గార రాయిలా గట్టిపడింది. ఎర్నమ్మ గోటితో నొక్కితే చిగురు కింద నుంచి చీము వచ్చింది.

"ఇదిగో, కంపు ఇక్కడ పుట్టింది. సిగురు కింద. నువ్వు పైన పూలు పెడితే కింద కుళ్ళు పోతాదేటే? తిన్నది తిన్నట్టు పళ్ళకి అతుక్కుని పాచి పట్టింది. పాచి గట్టిపడి గారయింది. గార కింద సిగురు పుండయింది. ముందు గార తియ్యాల."

రాలిన ముల్లు ఒకటి తీసి, మొన రాతి మీద అరగదీసి, ఎర్నమ్మ పని మొదలుపెట్టింది. పన్నూ చిగురూ కలిసే చోట మెల్లగా గీకుతుంటే గార పెచ్చులుగా రాలింది. తవిటమ్మ మూలుగుతూనే కదలకుండా కూర్చుంది.

"రోజూ కానుగపుల్ల నమిలి కుచ్చు సేసి తోముకో, సిగుళ్ళ అంచుల దాకా. కొబ్బరి ఈనెతో నాలిక గీసుకో. ఉప్పుటేటి నీళ్ళు పుక్కిలించు. తేనె నోట్లో పెట్టుకుని పడుకున్నావంటే మళ్ళీ నా గడప తొక్కకు. రోజు విడిసి రోజు రా, మిగతా గార తీస్తాను. ఇంకో మాట. మొదట్లో నెత్తురొస్తాది. భయపడి ఆపేకు."

"ఆపను మామ్మా."

ఆపనని అందరూ అంటారు. కానీ అడవిలో పెరిగిన వాళ్ళకి ఒకటి రక్తంలోనే ఉంటుంది. ఎక్కడ నెత్తురొస్తే ఆ చోటు వదిలేయాలి, మానేదాకా ముట్టుకోకూడదు. కాలికి ముల్లు గుచ్చుకున్నా, చెవి చిరిగినా, వాళ్ళకి తెలిసిన వైద్యం అదే. మర్నాడు పొద్దున్న తవిటమ్మ కానుగపుల్లతో తోముకుంటుంటే గడ్డం మీదుగా నెత్తురు కారింది. అదే సమయానికి గున్నడు గుహలోంచి వచ్చాడు.

"అమ్మా! నువ్వు సచ్చిపోతావా?"

వాడు పరిగెత్తుకుంటూ దగ్గరికొచ్చాడు. ఎన్నాళ్ళకో అంత దగ్గరికొచ్చాడు. వచ్చి, ఆ నెత్తురు చూసి, మళ్ళీ పిన్ని వెనక దాక్కున్నాడు. తవిటమ్మ పుల్ల పారేసింది. కొడుకు భయపడే పని ఏ తల్లి చేస్తుంది?

సింహాద్రి ఎక్కడ విన్నాడో గాని వెంటనే ఊడిపడ్డాడు. "సూసినావా అప్పా! ఆ ముళ్ళముసల్ది నీ నోరు పొడిసేసింది. నెత్తురొచ్చిన సోట ముట్టుకోకు, మొగలిరేకు అద్దు. సల్లగుంటాది," అన్నాడు. తవిటమ్మ అలాగే చేసింది. నెత్తురొచ్చిన చోట తప్ప మిగతా చోట్ల తోముకునేది. ఎక్కడ తోమాలో అక్కడే తోమేది కాదన్నమాట.

వానలు పడ్డాయి. మొగలిపొదలు విరగబూశాయి. తేనెపట్లు ఒక్కొక్కటీ సింహాద్రి కడుపులోకి దిగాయి. గున్నడు పెరిగాడు. పోలమ్మ వీపు మీద సగం దూరం కూర్చుని, సగం దూరం దిగి నడుస్తున్నాడు. వాడు నడిచినప్పుడల్లా తవిటమ్మ ఆకాశం చూసి, మబ్బులు ఇంకా ఉన్నాయి కదా, వానాకాలం ఇంకా అవలేదు కదా అని తనకి తానే చెప్పుకునేది.

తాటిపళ్ళు రాలే రోజుల్లో ఒక పండు చీకుతుంటే ఏదో తేలికగా అనిపించింది. చూస్తే పండు పీచులో తన పన్ను ఇరుక్కుని ఉంది. నొప్పి కూడా లేదు. ఆ పన్ను చేత్తో పట్టుకుని వానలో తడుస్తూ ఉప్పుటేటి గట్టుకి వెళ్ళింది.

"మామ్మా, ఇది మళ్ళీ వస్తాదా?"

"రాదు."

"మరి?"

"నా మాట వింటే మిగతావి నిలుస్తాయి."

"నెత్తురొచ్చింది మామ్మా. గుంటడు జడుసుకున్నాడు. అందుకే ఆపేసినాను."

ఎర్నమ్మ తిడదామని నోరు తెరిచి, ఆవిడ మొహం చూసి మానేసింది. "పుల్ల తగిలి నెత్తురు రాలేదే. అక్కడ పుండు ఉంది కాబట్టి వచ్చింది. నువ్వు జాలిపడి వదిలేసిన సోటే పాచి మళ్ళీ ఇల్లు కట్టింది. శుభ్రంగా ఉంచుతూ పోతే పుండు మానుతాది, నెత్తురు దానంతటదే ఆగుతాది."

తవిటమ్మ నోరు తెరిచింది. గీకడం అయ్యేదాకా ఓర్చుకుని, వెళ్ళబోతూ ఆగింది.

"మామ్మా, నోరు బాగయితే గున్నడు మళ్ళీ నా వీపెక్కుతాడా?"

"అది నాకు తెలీదు తల్లీ. మన నోరు బాగయ్యేదాకా పిల్లగుంటలు పెరగకుండా ఆగరు."

ఆ మాట ముల్లు కన్నా లోతుకి దిగింది. ఆ పూట నుంచి తవిటమ్మ ఇంకెవరి మాటా వినలేదు. నెత్తురొచ్చినా తోమింది. గున్నడు చూస్తుంటే, "ఇది సచ్చిపోయే నెత్తురు కాదురా, మానిపోయే నెత్తురు," అని చెప్పి మరీ తోమింది. వాడు కొంచెం దూరంగా కూర్చుని చూడటం అలవాటు చేసుకున్నాడు. నెత్తురు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఒక పొద్దున్న పుల్ల కుచ్చు తెల్లగానే ఉండిపోయింది. తవిటమ్మ మణికట్టు నాకి, ఆరనిచ్చి, వాసన చూసింది. తడి వెంట్రుకల వాసన తప్ప ఇంకేమీ లేదు. నమ్మలేక రెండో కాలు కూడా నాకి చూసుకుంది.

అప్పుడే సింహాద్రి నోట మొగలిపువ్వుతో వచ్చాడు. బక్కచిక్కి ఉన్నాడు. తవిటమ్మ సంగతేమీ చెప్పకుండా నోరు తెరిచింది.

"వాసన సూసి సెప్పు."

అతను అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. "ఇంకా ఉంది అప్పా. గట్టిగానే ఉంది. ఆ మర్రిసెట్టు మీది పట్టు కూడా దించేవనుకో..."

వాసన నిజంగానే గట్టిగా ఉంది. మొగలిపూలు, వాటి కింద కుళ్ళు. తవిటమ్మకి బాగా తెలిసిన వాసనే. అయితే అది ఇప్పుడు తన నోట్లోంచి రావడం లేదు.

"సింహాద్రీ, నీ మణికట్టు నాకు."

"నానెందుకు అప్పా, నాకేటి..."

"నాకు." ఈసారి చెయ్యి ఎత్తింది.

నాకాడు. ఆరింది. వాసన చూశాడు. వెనక్కి తిరిగి పొదల్లోకి, పక్కనున్న రాళ్ళ సందుల్లోకి చూసి, "ఇక్కడెవరప్పా సచ్చినారు?" అన్నాడు.

"ఎవరూ సావలేదు. నీ సొంత నోరు నీ సొంత ముక్కుకి తెలీలేదు. నువ్వే సెప్పినావు కదా."

పందికొక్కులు ఎందుకు దొరకటం లేదో సింహాద్రికి అప్పుడు తెలిసింది. తేనె బుగ్గన పెట్టుకుని పడుకున్న నోరు, దాని మీద మొగలిరేకు. అతను తోట మొదట్లో ఉండగానే గాలి ఆ కబురు తోట చివరికి మోసేది. పందికొక్కుల పిల్లలకి తల్లులు నేర్పే మొదటి పాఠమే అది, మొగలి వాసనొస్తే కన్నంలో దూరమని. సింహాద్రి కాళ్ళ మీద పడి మందు అడిగాడు. తవిటమ్మ దాచుకోకుండా చెప్పింది, నెత్తురొస్తుందనీ, ఆపొద్దనీ కూడా చెప్పింది. అతను ఎర్నమ్మ బొరియ దాకా వెళ్ళి, ఆవిడ చేతిలో ముల్లు చూసి, వచ్చిన దారినే మొగలిపొదలకి పోయాడు. ఇప్పటికీ ఆ ఇసక మేటల్లో పువ్వు నములుతూ, ఆకలితో తిరుగుతుంటాడు.

ఆ సాయంత్రం వాన వెలిసింది. మబ్బులు పలచబడ్డాయి. పోలమ్మ ముందు బయల్దేరింది. తవిటమ్మ అలవాటు కొద్దీ రాయి పక్కన నడుం వంచింది. పిన్ని వెనక నడుస్తున్న గున్నడు ఆగి, వెనక్కొచ్చాడు.

"అమ్మా, నువ్వేటీ నమల్లేదా?"

"లేదురా."

వాడు ముక్కు ముందుకి చాపి మూతి దగ్గర వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"నీ వాసన వస్తంది."

తవిటమ్మ చటుక్కున మూతి పక్కకి తిప్పుకుంది. "ఏ వాసనరా?"

"నీదే. మనం గుహలో ఉన్నప్పటిది."

రాయెక్కాడు. గెంతాడు. వాడి బరువుకి తవిటమ్మ నడుం కిందికి కుంగింది. వెనక కాళ్ళు రెండు వైపులా వేలాడి నేల గీరుతున్నాయి. అయినా మెడ వెనక వెంట్రుకలు పట్టుకుని, వాటిలో మొహం దూర్చాడు. గోళ్ళు గుచ్చుకున్నాయి.

"ఒరే, దిగరా, అప్ప నడుం పోతాది!" అని పోలమ్మ అరిచింది.

"ఉండనీవే," అంది తవిటమ్మ.

"బరువుగున్నానా అమ్మా?"

"లేదురా," అని అబద్ధమాడి, తోటలోకి దగ్గర దారి ఉన్నా కొండ చుట్టూ తిరిగే దారి పట్టింది. జీడిచెట్ల దగ్గర గున్నడికి చెదపుట్ట కనిపించింది. వాడంతట వాడే దిగి పరిగెత్తాడు.

మర్నాడు సాయంత్రం కూడా ఆవిడ రాయి పక్కన వంగింది. గున్నడు పక్క నుంచి నడుచుకుంటూ వెళ్ళి, మలుపు దగ్గర నిలబడి, "రా అమ్మా," అని పిలిచాడు. తవిటమ్మ మెల్లగా లేచి, వాడి వెనకే నడిచింది.

కుళ్ళుని పూలతో కప్పి గడిపిన రోజులు ఊరికే పోవు, పిల్లలు మన వీపు మీద ఉండాల్సిన రోజుల్లోంచి పోతాయి.